అక్వేరియం షాపులో కొన్న తాబేలు పిల్లలు: పెంచొచ్చా, చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న క్లుప్తంగా: మాది విజయవాడ. ఏడేళ్ల మా పాప పుట్టినరోజుకి వాళ్ల మేనమామ అక్వేరియం షాపు నుంచి రెండు తాబేలు పిల్లల్ని తెచ్చిచ్చాడు. ఐదు రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దవి. ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉన్న చిన్న డబ్బాలో ఉన్నాయి, ఫొటోలు పెట్టాను. ఒకటి రెండు రోజులుగా కళ్లు తెరవట్లేదు, తినట్లేదు. షాపతను ఇవి ఇంతకన్నా పెరగవు, లీగలే అన్నాడట. పక్కింటాయన ఫారెస్ట్ వాళ్లు కేసు పెడతారంటున్నారు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య అమెరికాలో ఇంత చిన్నవి అమ్మడమే నిషేధం అన్నాడు. అత్తయ్యగారు కాలవలో వదిలెయ్యమంటున్నారు. ఏం చెయ్యాలి?

సమాధానం:

మీ అన్నయ్య చెప్పింది నిజం. పక్కింటాయన చెప్పింది సగం నిజం, అదెలాగో కింద రాస్తాను. షాపతను చెప్పిన మొదటి మాట పచ్చి అబద్ధం. అత్తయ్యగారి సలహా మాత్రం, ఆవిడ మంచి మనసుతోనే చెప్పినా, అస్సలు పాటించకండి.

ముందు ఫొటోల సంగతి. మీ దగ్గరున్నవి రెండూ ఒకే జాతి కావు. పచ్చటి డిప్ప, కంటి వెనక ఎర్రటి అడ్డచార, పొట్ట వైపు పసుపు రంగు మీద నల్ల మచ్చలు ఉన్నది రెడ్ ఇయర్డ్ స్లైడర్. షాపుల్లో దీన్ని చైనా తాబేలనీ జపాన్ తాబేలనీ అమ్ముతారు గానీ దీని సొంతూరు అమెరికాలో మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం. రెండోదానికి కూడా కంటి వెనక నారింజ రంగు మచ్చ ఉండటంతో అదీ ఇదే అనుకున్నట్టున్నారు. పక్కనుంచి తీసిన ఫొటో చూడండి. వీపు మధ్యలో పెంకుటింటి కప్పులా గట్టు లేచి, వెనక్కి వంగిన చిన్న ముల్లు ఉంది. స్లైడర్‌కి అలా ఉండదు. అది మన దేశపు ఇండియన్ రూఫ్డ్ టర్టిల్ గానీ, దానికి దగ్గరి చుట్టమైన టెంట్ టర్టిల్ గానీ అయ్యుండాలి. టెంట్ టర్టిల్ మన కృష్ణా గోదావరుల్లో కూడా ఉంటుంది. నదుల నుంచి పట్టిన పిల్లల్ని స్లైడర్లలో కలిపి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. షాపతనికి కూడా తేడా తెలియకపోవచ్చు.

ఈ ఒక్క తేడాతో మీ ప్రశ్న రెండు ప్రశ్నలైపోయింది. మొదటిదాన్ని మీరు పెంచుకోవచ్చు. రెండోదాన్ని ఉంచుకోకూడదు. దాని సంగతి ఇవాళే చూడాలి కాబట్టి ముందు అది రాస్తాను.

మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో దాన్ని బాగా సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇండియన్ రూఫ్డ్ టర్టిల్ ఇందులో షెడ్యూల్ 1 జంతువు, అంటే పులితో సమానమైన రక్షణ. షెడ్యూల్ 1 జంతువుల విషయంలో నేరం రుజువైతే శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా, జరిమానా కనీసం 25 వేలు. కొన్నవాళ్లకీ వర్తిస్తుంది, అమ్మినవాళ్లకే కాదు. పక్కింటాయన మాట ఈ పిల్ల విషయంలో నిజం.

ఇలా రాశానని టెన్షన్ పడిపోయి రాత్రికి రాత్రి దాన్ని ఎక్కడో వదిలేసి రాకండి. చట్టంలోనే దారి ఉంది. 39వ సెక్షన్ ప్రకారం ఇలాంటి జంతువు ప్రభుత్వ ఆస్తి. అది చేతికొచ్చిన వాళ్లు 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ అధికారం ఉన్న అధికారికి గానీ చెప్పి, అడిగితే అప్పగించాలి. మీ విషయంలో ఆ గడువు దాటిపోయింది కాబట్టి ఇంకా ఆలస్యం వద్దు. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి ఒక కాగితం రాసుకుని వెళ్లండి: ఎప్పుడు, ఎలా చేతికొచ్చింది, తెలియక తీసుకున్నామని, ఫొటో చూపించాక అనుమానం వచ్చి తెచ్చామని. జాతి ఏమిటో తేల్చేది వాళ్లే, నా ఫొటో పరీక్ష కాదు. అప్పగించినట్టు రాతపూర్వకంగా రసీదు అడగండి. కేసు అస్సలు ఉండదని నేను హామీ ఇవ్వలేను, కావాలంటే ఒక లాయర్ని కూడా అడగండి. కానీ తనంతట తాను వచ్చి ఇచ్చినవాళ్లకీ దాచిపెట్టి దొరికినవాళ్లకీ మధ్య ఉన్న తేడా ఏ అధికారికైనా తెలుసు. తీసుకెళ్లేటప్పుడు నీళ్లలో వెయ్యకండి. తడిపిన గుడ్డ పరిచి, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టె చాలు.

అప్పటిదాకా రెండింటినీ విడివిడి టబ్బుల్లో పెట్టండి. ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుతుంది, పైగా స్లైడర్లు పక్కవాటి తోకల్ని కొరుకుతాయి.

ఇక కళ్లు తెరవని పిల్ల. మీరు రాసినదాన్ని బట్టి అది స్లైడరే. కారణాలు సాధారణంగా మూడు: నీళ్లు మురికిగా ఉండటం, చల్లగా ఉండటం, ఎ విటమిన్ లోపం. షాపుల్లో ఎండిన రొయ్యపొట్టు లాంటి మేత ఒక్కటే వేసి ఉంచుతారు, అందులో ఎ విటమిన్ చాలదు, రెప్పలు ఉబ్బి మూసుకుపోతాయి. తాబేలు చూసి తినే జీవి, కళ్లు కనబడకపోతే ముట్టదు. ఇవాళ చెయ్యాల్సింది ఇంతే: క్లోరిన్ పోయిన శుభ్రమైన నీళ్లు, దాని వీపు మునిగేంత లోతు, 27, 28 డిగ్రీల వేడి. మనుషుల కంటి చుక్కలు వెయ్యకండి, నోరు తెరిచి బలవంతంగా పెట్టకండి, నెట్‌లో చూసి ఎ విటమిన్ గొట్టం చిదిమి పొయ్యకండి, మోతాదు మించితే చర్మం ఊడొస్తుంది. కుక్కల్ని చూసే డాక్టర్లు చాలామంది తాబేళ్లను ముట్టుకోరు. మీకు గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడికి తీసుకెళ్లండి. ముక్కులోంచి బుడగలు వస్తున్నా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, ఒక పక్కకి ఒరిగి ఈదుతున్నా అది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్, రేపటిదాకా ఆగే పని కాదు. ఇంకో చిన్న మాట: గుడ్డులోంచి వచ్చిన కొత్తలో పొట్ట కింద మిగిలిన పచ్చసొనతోనే కొన్ని రోజులు బతుకుతాయి, అప్పుడు తినకపోయినా కంగారు లేదు. ఫొటోలో పొట్ట మీద ఆ గుర్తు మానిపోయింది కాబట్టి మీ దానికి ఆ వయసు దాటింది.

ఆ కొబ్బరిచెట్టు డబ్బా పారేయండి. తాబేళ్లకి అంతకంటే ద్రోహం చేసిన వస్తువు నాకు తెలిసి లేదు.

ఇంతకన్నా పెరగదన్న మాట దగ్గరికి వద్దాం. ఆడ స్లైడర్ 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే అన్నం పళ్లెం అంత. మగది 20 దగ్గర ఆగుతుంది. సరిగ్గా చూసుకుంటే 20 నుంచి 40 ఏళ్లు బతుకుతుంది. తొట్టె చిన్నదైతే తాబేలు కూడా చిన్నగానే ఉంటుందనేది వట్టి మాట, అలా ఉన్నవి గిడసబారి డిప్ప వంకరపోయి చచ్చిపోతాయి. మీ పాప పెళ్లి నాటికి కూడా ఇది మీ ఇంట్లోనే ఉంటుందని లెక్కేసుకుని నిర్ణయం తీసుకోండి. పాప కాలేజీకి వెళ్లాక నీళ్లు మార్చేది మీరే.

తొట్టెకి పెంపకందార్లు వాడే లెక్క ఒకటుంది: డిప్ప పొడవు అంగుళానికి దాదాపు 40 లీటర్లు. ఇప్పుడు 60 లీటర్లతో మొదలుపెట్టినా చివరికి మూడు నాలుగు వందల లీటర్లకు వెళ్లాలి. గాజు అక్వేరియమే కావాలని లేదు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు తక్కువ ధరలో వస్తుంది, పగలదు, కడగడం తేలిక. నేను చూసినవాటిలో ఆరోగ్యంగా ఉన్న తాబేళ్లు ఎక్కువ అలాంటి టబ్బుల్లో పెరిగినవే. అడుగున చిన్న గులకరాళ్లు వెయ్యకండి, మింగితే పేగుల్లో అడ్డుపడతాయి. ఫిల్టర్ కొనేటప్పుడు మీ నీళ్ల కొలతకి రెట్టింపు కొలతకి పనికొచ్చేది చూడండి, ఎందుకంటే తాబేలు చేసే మురికి ముందు చేపలది లెక్కలోకి రాదు. ఫిల్టర్ ఉన్నా వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చాలి. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు నిలవుంచండి, లేదంటే అక్వేరియం షాపులో దొరికే చుక్కలు వాడండి.

పూర్తిగా నీళ్లలోంచి బయటికొచ్చి ఆరడానికి ఒక మెట్టు తప్పనిసరి. దాని పైన దీపం పెట్టి అక్కడ 32 నుంచి 35 డిగ్రీల వేడి వచ్చేలా చూడాలి. వేడితో పాటు యూవీబీ కాంతి (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) కావాలి, అది లేకపోతే డి విటమిన్ తయారవదు, కాల్షియం ఒంటపట్టదు, డిప్ప వేలితో నొక్కితే దిగబడేంత మెత్తబడుతుంది. పిల్లలు ఎక్కువగా చచ్చిపోయేది ఇలాగే. యూవీబీ బల్బు వెలుగుతున్నా దాని శక్తి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు తగ్గిపోతుంది, మార్చాలి. మనకి ఎండకి కొదవ లేదు కాబట్టి పొద్దుటి ఎండ కూడా మంచి మార్గమే, కానీ కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ రాదు. బయట పెడితే సగం టబ్బు నీడలో ఉండాలి, పైన వల ఉండాలి. కాకి వచ్చి ఎత్తుకుపోవడానికి క్షణం చాలు. గాజు తొట్టెను మాత్రం ఎండలో పెట్టకండి. విజయవాడ ఏప్రిల్ ఎండకి కొద్ది సేపట్లోనే నీళ్లు సలసలా కాగినంత పనవుతుంది. చలికాలంలో రాత్రిళ్లు నీళ్లు చల్లబడితే మేత మానేస్తుంది, అందుకు ఒక చిన్న హీటర్ ఉంటే చాలు.

మేత: చిన్నప్పుడు రోజూ, దాని తలకాయంత గుళికల మేత. మంచి కంపెనీ తాబేలు గుళికలే ప్రధాన ఆహారంగా ఉండాలి, ఎండురొయ్య అప్పుడప్పుడూ చిరుతిండిగా మాత్రమే. వానపాము ముక్క, ఉప్పు వెయ్యని ఉడికిన చేప ముక్క పెట్టొచ్చు. పెద్దవుతున్నకొద్దీ రోజు విడిచి రోజు మేత వేస్తూ ఆకుకూర పెంచాలి. పశువుల మేతకి పెంచే అజొల్లా దొరికితే అంతకన్నా సుఖం లేదు, నీళ్ల మీద తేలుతూ ఉంటుంది, కావాల్సినప్పుడు తింటుంది. ములగాకు కూడా మంచిదే. పాలకూర, తోటకూర తగ్గించండి, వాటిలోని ఆక్జలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. పక్షుల షాపులో అమ్మే సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క ఒకటి నీళ్లలో వేసి ఉంచితే కొరుక్కుంటూ కాల్షియం తీసుకుంటుంది. అన్నం, బ్రెడ్డు, బిస్కట్టు వద్దు. పెరిగేటప్పుడు డిప్ప మీది పలచటి పొరలు ఊడటం మామూలే. దుర్వాసనతో గుంటలు పడితే మాత్రం అది కుళ్లు.

మీ అన్నయ్య చెప్పిన అమెరికా చట్టం మీకూ పనికొచ్చే విషయం, ఎందుకంటే అది తాబేళ్ల కోసం కాదు, పిల్లల కోసం పెట్టింది. తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది. తాబేలుకి ఏ జబ్బూ కనబడదు, కానీ నీళ్లలోకీ డిప్ప మీదకీ ఆ బాక్టీరియా వస్తూనే ఉంటుంది, అదీ ఆగి ఆగి. ఒకసారి పరీక్షలో లేదని తేలినా రేపు ఉండదని నమ్మకం లేదు. 1960లలో అమెరికా పిల్లలు ఈ చిన్న తాబేళ్లను బొమ్మల్లా నోట్లో పెట్టుకుని విరేచనాలు, జ్వరాలతో ఆసుపత్రుల పాలయ్యారు. 1972లో సాల్మొనెల్లా లేదన్న సర్టిఫికెట్ ఉంటేనే అమ్మాలని రూలు పెట్టారు, అది పనిచెయ్యలేదు. దాంతో 1975లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ డిప్ప పొడవు నాలుగు అంగుళాల లోపు ఉన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించింది. నాలుగు అంగుళాలే ఎందుకంటే అంతకన్నా పెద్దది చిన్నపిల్లల నోట్లో పట్టదు. ఈ నిషేధం వల్ల ఏటా లక్షమంది పిల్లలకు జబ్బు తప్పిందని తర్వాత అంచనా వేశారు. బోధనకీ పరిశోధనకీ మినహాయింపు ఉంది. పెంపుడు జంతువుగా అమ్మితే జరిమానా, జైలు.

అక్కడి జాతరల్లో, బీచ్ దుకాణాల్లో తొట్టె కొంటే తాబేలు ఉచితం అని తప్పించుకోబోతారు. ఆ రూలు అమ్మకంతో పాటు వ్యాపారపరంగా పంచిపెట్టడాన్ని కూడా నిషేధించింది, కాబట్టి ఉచితమన్నా చెల్లదు. 2023లోనూ 2024లోనూ ఇలాంటి చిన్న తాబేళ్ల వల్ల జబ్బులొచ్చాయని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హెచ్చరికలు ఇచ్చింది. మీ అన్నయ్య పిల్లలకి ఎవరైనా ఇస్తానన్నా వద్దనమనండి. ఇందులో నాకు కిట్టనిది ఒకటుంది: తమ పిల్లలకి అమ్మకూడదన్న ఆ చిన్న తాబేళ్లను ఎగుమతి కోసమైతే అమ్మొచ్చని అదే రూలులో మినహాయింపు. లూసియానాలోని తాబేళ్ల ఫారాల నుంచి అవి పెట్టెల్లో ఆసియాకి వస్తుంటాయి.

అక్కడి చట్టం డిప్ప పొడవు కొలుస్తుంది, మన చట్టం జాతి పేరు అడుగుతుంది. అందుకే నాణెమంత స్లైడర్ మన దగ్గర రెండింటి మధ్యా జారిపోతోంది. అది మన వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో లేదు, కాబట్టి ఇంట్లో ఉంచుకోవడం ఆ చట్టం కింద నేరం కాదు. కానీ 2022 సవరణలో పరాయి దేశపు ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించే అధికారం 62ఎ సెక్షన్‌తో కేంద్రానికి వచ్చింది. రేపు ఆ జాబితా వస్తే స్లైడర్ అందులో ఉంటుందనే నా అంచనా. యూరప్ 1997లోనే దిగుమతి ఆపేసింది, జపాన్ 2023 జూన్ నుంచి అమ్మకాన్ని, బయట వదలడాన్ని నిషేధించి ఇంట్లో ఉన్నవాటిని మాత్రం ఉంచుకోనిచ్చింది. అమ్మే షాపు సంగతి వేరు. 2018 నాటి పెట్ షాపు నిబంధనల ప్రకారం షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టరై ఉండాలి. పాప మేనమామని బిల్లు ఉందా అని అడగండి. ఉంటే జాగ్రత్త చెయ్యండి.

సాల్మొనెల్లా విషయంలో ఇంట్లో పాటించాల్సినవి: తాబేలుని గానీ నీళ్లని గానీ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, పాప కడుగుతోందా లేదా మీరు చూడాలి. టబ్బుని వంటింటి సింకులో కడగొద్దు. ముద్దులు పెట్టడం, అన్నం తింటూ ఆడటం వద్దు. ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవయసువాళ్లు ఉంటే అసలు తాబేలే వద్దంటాను. అత్తయ్యగారి ఆరోగ్యం ఎలా ఉందో మీరు రాయలేదు, అది చూసుకోండి.

కాలవ సంగతి. స్లైడర్ ప్రపంచంలోని వంద అతి చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. ఏదైనా తింటుంది, ఎండ కాచుకునే చోట్ల నుంచి స్థానిక తాబేళ్లను తోసేస్తుంది, జబ్బులు అంటిస్తుంది. గౌహతిలో ఉగ్రతార గుడి కోనేట్లో, కేరళలో త్రిశూర్ దగ్గర కాలవల్లో ఇవి ఇప్పటికే దొరికాయి. అన్నీ ఎవరో ఒకరు వదిలినవే. బందరు కాలవలో వదిలితే మీ స్లైడర్ బతికినా నష్టమే, చచ్చినా పాపమే. పెంచలేకపోతే చూసుకోగల ఇంకొకరికి ఇవ్వండి, లేదా జంతువుల్ని కాపాడే సంస్థల్ని అడగండి. జూలు వీటిని తీసుకోవడానికి అంతగా ఇష్టపడవు.

వాస్తుకి మంచిదని నక్షత్ర తాబేలు తెచ్చిస్తామనేవాళ్లు కూడా మీకు తగులుతారు. నల్లటి డిప్ప మీద పసుపు కిరణాలు ఉండేది. శ్రీకూర్మం గుడిలో ఉన్నాయి కదా, ఇంట్లో ఉంటే తప్పేంటి అంటారు. గుడి వేరు, మన ఇల్లు వేరు. అది కూడా ఇప్పుడు షెడ్యూల్ 1లోనే ఉంది, 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం కూడా నిషేధం. దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను పట్టుకుపోతున్నారని 2015లో ఒక అధ్యయనం తేల్చింది. ఆఫ్రికా సల్కాటా తాబేలు లాంటివి వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. వాటిని ఉంచుకునేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి, పిల్లలు పుట్టినా, చచ్చినా, ఇంకొకరికి ఇచ్చినా చెప్పాలి.

రూఫ్డ్ టర్టిల్‌ని అప్పగించాక పాప రెండోది ఒంటరిదైపోయిందని ఏడుస్తుంది, మేనమామ ఇంకోటి తెస్తానంటాడు. తేవద్దనండి. తాబేళ్లకు తోడు అక్కర్లేదు, ఒంటరిగానే హాయిగా ఉంటాయి. రెండోది వస్తే తొట్టె రెట్టింపు, ఫిల్టర్ రెట్టింపు, ఎదిగాక కొట్లాటలు. మీరు ఒకటి కొన్న చోట షాపతను ఇంకో నాలుగు తెచ్చి పెడతాడు.